అత్తమ్మతో ఒక్క పళ్ళెం

మితం అనే మాట మా బాపమ్మకు ఒక పురాణ కాలక్షేపంలో దొరికింది. బాపును కన్న తల్లి ఆమె. దొరికిన మాటను ఊరికే పోనిచ్చే మనిషి కాదు. సుల్తానాబాద్‌లో మా ఇంట్లో ఎవరు మారు అన్నం పెట్టించుకున్నా “మితం” అని హెచ్చరించేది. తాను మాత్రం మూడోసారి కూడా పెట్టించుకునేది. అదేమిటంటే, ముసలోళ్ళకు మితం వేరే ఉంటదనేది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడు నన్ను ఖానాపూర్‌కు ఇచ్చారు. బండెక్కే ముందు బాపమ్మ నా గదవ పట్టి ముఖం పైకెత్తింది.

“అత్తగారింట్ల మితంగ తినాలె, మితంగ మాట్లాడాలె, మితంగ నవ్వాలె. లేకుంటే వాపసు తోలుతరు బిడ్డా” అంది.

నేనసలే తిండిపోతును. నోరు కూడా ఊరుకునేది కాదు. వాపసు వస్తే ఊళ్ళో అమ్మలక్కలు ఏమంటారో తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండింది. చచ్చినా సరే, మితంగానే ఉండాలనుకున్నాను.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త కోడలు మొదటిసారి పుట్టింటికి పోయి వచ్చేదాకా అత్తాకోడళ్ళు ఒక్క పళ్ళెంలోనే తినాలి. ఒకరు చెయ్యి కడిగితే రెండోవారూ కడగాల్సిందే. అట్లయితేనే ఇద్దరికీ పొత్తు కుదురుతుందట. మంచిదే అనుకున్నాను. నా మితం అత్త కళ్ళారా చూస్తుంది కదా.

మా అత్త నిండైన మనిషి. పొద్దంతా చేనులో పనిచేసి వచ్చేది. మొదటి రోజు పుంటికూర, వెల్లుల్లి కారం, వేడివేడి జొన్న రొట్టెలు పెట్టుకుని కూర్చున్నాం. నేను అర రొట్టె తిని, “సాలు అత్తమ్మా” అని చెయ్యి కడిగేశాను. ఆమె తునక నోటి దగ్గరే ఆగింది. నా వైపు చూసింది, రొట్టెల వైపు చూసింది, తానూ చెయ్యి కడుక్కుంది. నన్ను ఎంత మెచ్చుకుందో అనుకున్నాను.

మరునాడూ అంతే, ఆ తర్వాతా అంతే. అత్త ముఖం రోజురోజుకూ గంటు పెట్టుకుంటూ వచ్చింది. బర్రెను తిట్టింది, పొయ్యిని తిట్టింది, మామను తిట్టలేక ఆయన ఎడ్లను తిట్టింది. నేను ఇంకా ఎక్కువ తింటున్నానేమోనని భయపడి పావు రొట్టెకు దిగాను. కలలో కూడా నాకు అన్నం కుండే కనబడేది. ఇంటాయనతో చెప్పుకుందామా అంటే, మితంగా మాట్లాడాలాయె.

ఒకనాడు పగటిపూట మామ ఎడ్లకు నీళ్ళు పెడుతుంటే అత్త వాకిట్లోకి వచ్చింది. “బండి కట్టు. గీ పిల్లను ఆళ్ళ అవ్వగారింటికి తోలు. మనిల్లు ఈమెకు నచ్చలే” అంది.

బాపమ్మ అన్నంతా అయింది. నాకు కోపం ముంచుకొచ్చింది.

“నేనేం జేసిన అత్తమ్మా? ఎక్కువ తిన్ననా? ఎక్కువ మాట్లాడిన్నా? ఆకలికి పేగులు మాడుతున్నా సప్పుడు జేయకుంట పడి ఉన్న. ఇంకెంత మితంగ ఉండాలె?”

“ఆకలైతుందా నీకు?”

“కాదా మరి? నేను మనిషిని గానా?”

అత్త గడప మీద కూలబడింది. “ఓసి నీ ఇల్లు బంగారం గాను. నువ్వు చెయ్యి కడుగుడు, నేను కడుగుడు. ఒక్కదాన్నే తింటే తప్పాయె. చేన్ల నడుస్తుంటే కండ్లు తిరుగుతున్నయ్ నాకు. ఆకలైతే అడగొద్దా?”

“మీరు తినమనొద్దా?”

“నువ్వు సాలన్నంక ఎట్లంట? బలిమి జేస్తే కోడల్ని సతాయించిందంటరు.”

మామ నవ్వాపుకోలేక ఎడ్ల చాటుకు పోయాడు.

అత్త పిండి కలిపింది. ఆమె రొట్టెలు చేస్తూనే ఉంది, నేను కాలుస్తూనే ఉన్నాను, ఇద్దరం తింటూనే ఉన్నాం. మధ్యమధ్య ఉల్లిగడ్డ కొరుకుతున్నాం. చివరికి పళ్ళెంలో ఒక్కటే మిగిలింది. ఇద్దరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. అన్ని రోజులూ చుట్టానికి పెట్టినట్టు మంచి రొట్టె నా ముందుకు జరిపిన మా అత్త, దాన్ని విరిచి, పెద్ద తునక తాను తీసుకుని చిన్నది నా చేతిలో పెట్టింది.

ఇక నన్ను ఎవరూ వాపసు తోలరని అప్పుడు తెలిసింది.