కొత్త కాకముందు వండిన చిక్కుళ్లు

ఆస్పత్రి నుంచి నన్ను పంపేటప్పుడు చప్పట్లు కొట్టారు. చేతిలో పూలగుత్తి పెట్టి, మాస్కు కిందికి లాగమని, నవ్వమని ఫోటో తీశారు. కరోనా రెండో వేవ్‌లో మూడు వారాలు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డదాన్ని, నవ్వమంటే నవ్వాను. ఇప్పుడు ఆ ఫోటో చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంటికెళ్లాక ఏం జరగొచ్చో ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

కాఫీ పళ్లలో ఎర్రవే కోయాలని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పుట్టి బుద్ధెరిగాక ఆ పని చేస్తున్న నేను, ఆ ఏడు ఒక పూటంతా పచ్చివీ పండినవీ కలిపి దూసేశాను. ముంచింగిపుట్టు సంతలో పసుపు కొమ్ముల రాశుల మధ్య నిలబడి, ఎందుకు వచ్చానో గుర్తురాక ఏడ్చాను. తోటలో కంసాలి పిట్ట టుక్ టుక్‌మంటే ఆస్పత్రిలో మంచం పక్కన మిషన్ మోగినట్టే ఉండేది. గుండె దడదడలాడేది. చిన్నప్పటి నుంచి వింటున్న పిట్ట మీదికి రాళ్లు విసిరేదాన్ని. నిద్ర లేదు. అన్నం సయించేది కాదు. ఎవరు పలకరించినా కోపం, అది దిగితే ఏడుపు.

"బతికొచ్చినావు, అది సాల్దేటి?" అనేవాడు మా ఆయన. ఊరంతా అదే మాట. బతకడమంటే ఊపిరి ఆడటమేనా అని అరిచేదాన్ని. అరిస్తే, చూశారా, మనిషి మారిపోయింది అనేవారు.

చివరికి మా ఆయనే పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. తెల్లారి జీపెక్కితే మధ్యాహ్నానికి మా వంతు వచ్చింది. నాకంటే ముందున్నావిడను "మీకెలా ఉందండీ" అని అడిగిన నోటితోనే నన్ను "ఏంటి నీకు?" అన్నాడు. కాగితాలు తిరగేశాడు. "అన్నీ నార్మల్. నీకేం లేదు. ఊరికే ఆలోచించకు. అయినా కొండల్లో మంచి గాలి, ప్రశాంతంగా ఉంటారు, మీకు టెన్షన్లేముంటాయి?" అని నవ్వాడు. బుర్ర చెదరడానికి కూడా పట్నంలో ఇల్లుండాలి కాబోలు.

ఆయన ఒక్క మాట అడిగి ఉండాల్సింది, నిద్ర పడుతోందా అని. ఏడాది తర్వాత మన్యం ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ అడిగింది. పెద్ద వైరస్ జ్వరం తర్వాత చాలామందికి ఇలా భయం, మరుపు, దిగులు పట్టుకుంటాయనీ, ఇది జబ్బేననీ చెప్పి మందులు రాసింది. సగం తగ్గింది. ఆ మాట మొదటి డాక్టరే చెప్పి ఉంటే నేను ఊరి ముందు నిలబడే పని ఉండేది కాదు. ఆయనను నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

"ఏటీ నేదని డాక్టరే సెప్పినాడు. ఇంక ఒగ్గీయే" అన్నాడు మా ఆయన తిరుగు జీపులో. జబ్బు లేదని తేలిపోయింది కనుక ఇక మిగిలినవి రెండే. సగం ఊరు దెయ్యమంది, సగం ఊరు పొగరంది.

మా కొండల్లో ఏ పంటైనా ఇంటికి రాగానే తినరు. ముందు దేవతకూ చనిపోయిన పెద్దలకూ పెట్టాలి. దాన్ని మేం కొత్త అంటాం. మామిడికి కొత్త, సామకు కొత్త, చిక్కుడుకు కొత్త. మంచిరోజు చూసేది, దెయ్యాలు దించేది దిసారి. ఆ రోజుకు ముందు పాదు కాయలతో విరగబడుతున్నా ఒక్క గింజ నోట్లో వేసుకోం. ఆ ఏడు చిక్కుడు కొత్తకు రోజు పెట్టినప్పుడు నేనూ అక్కడే కూర్చున్నాను. ఇంకా ఎనిమిది రోజులుందని అందరితో పాటు విన్నాను.

రెండు రోజులు పోయాక పాదు దగ్గరికి వెళ్లి ఒడి నిండా చిక్కుళ్లు కోసుకొచ్చాను. పొయ్యి ముట్టించి, గింజలు ఉడకబెట్టి, ఉప్పూ మిరపకాయా నూరి వేశాను. మా ఆయన మిరియాల పనికి వెళ్లాడు. నేనూ మా అత్తా ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఆస్పత్రి నుంచి వచ్చాక నాలుకకు రుచి తెలిసిన మొదటి పూట అది. మళ్లీ పెట్టుకుని తిన్నాను.

సాయంత్రం పక్కింటావిడ వాకిట్లో తొక్కలు చూసింది. "ఓలమ్మ, కొత్త అయిపోనాదేటి మీకు?" అంది. అప్పుడు గుర్తొచ్చింది. అత్త వైపు చూస్తే ఆమె తల వంచుకుని చాటలో గింజలు చెరుగుతోంది.

మర్నాడు అటక మీద విత్తనాల బుర్ర లేదు. ఎండిన ఆనపకాయ బుర్రలో సామలు, చోళ్లనే రాగులు, కందులు దాచి, మూతి గుడ్డతో బిగించి ఇంటి ఆడది కాపాడాలి. చైత్రంలో ఇటుకల పండక్కి దాన్ని దేవత ముందు పెట్టి, ఊరి గింజలతో కలిపి తెచ్చాకే విత్తుతాం. మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు అత్తే దాన్ని నా చేతిలో పెట్టింది. ఇప్పుడు తీసుకెళ్లి తన మంచం కింద దాచుకుంది. అడిగితే పలకలేదు. బుర్ర చేతిలో లేకపోతే ఆ ఇంట్లో నేను కూలిమనిషిని. ఆ మూడు నెలలు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. బుర్ర పోయినందుకు కంటే, నా మతి నిజంగానే పోయిందని ఆమె కూడా తేల్చేసినందుకు ఎక్కువ ఏడ్చాను.

పండక్కి ముందు ఊరు చెట్టు కింద పంచాయితీకి కూర్చుంది. ఆ మధ్య ఒకరి ఎద్దు చచ్చింది, ఇంకొకరి ఇంట్లో పిల్లకు అమ్మవారు పోసింది. రెంటికీ నా చిక్కుళ్లే కారణమన్నారు. తప్పు కింద ఒక కోడి, ఒక కుండ జీలుగు కల్లు ఇవ్వాలన్నారు. సరేనన్నాను. అక్కడితో ఆగలేదు.

"దెయ్యం పట్టి సేసినానని ఒప్పుకో. నాను దించుతాను. దిగిందాకా విత్తనం ముట్టకు" అన్నాడు దిసారి.

"కోడి ఇస్తాను, కల్లు ఇస్తాను. దెయ్యాన్ని మాత్రం ఒప్పుకోను. నాది జబ్బు. ఆ జొరం తర్వాత నా బుర్ర పని సెయ్యట్లేదు" అన్నాను.

"జబ్బు నేదని డాక్టరు సెప్పినాడు కదే" అన్నాడు మా ఆయన, మెల్లగా. కట్టుకున్నవాడు, పదిమందిలో. ఆ క్షణాన అతని మీద, ఆ డాక్టరు మీద, చెట్టు కింద కూర్చున్న ప్రతి మనిషి మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. నోరు తెరిస్తే బూతులే వస్తాయని పెదవి కొరుక్కున్నాను.

వెనక ఆడవాళ్లలోంచి అత్త లేచింది.

"ఆ దెయ్యమేదో నాకూ పట్టినట్టే. నానూ తిన్నాను. కొత్త కానేదని నాకు తెలుసు. తెలిసే తిన్నాను."

"ఏడు నెల్లు కంచం తోసీసిన గుంట, ఆ పొద్దు తనంతట తాను పొయ్యి ముట్టించింది. పెట్టుకోని తింటంది. నోటికాడిది లాగీమంటారేటి నన్ను?"

తెలిసి చేసిన తప్పు పెద్దదన్నాడు దిసారి. ఒక కోడి రెండు కోళ్లయింది. దెయ్యం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వెళ్లే దారిలో ఆమెకు కృతజ్ఞత చెప్పి ఉంటానని అనుకుంటారేమో. లేదు, దెబ్బలాడాను.

"తెలిసిందానివి ఆ పొద్దే సెప్పొచ్చు కదా. మరి బుర్రెందుకు దాసినావు?"

"ఇత్తనాలు కూడా వండీసుకుంటావేమోనని భయమేసినాది."

"మూడు నెల్లు అత్తా! నాను పిచ్చిదాన్నయిపోనానని ఏడుత్తంటే సూసుకుంటా కూకున్నావు!"

ఆమె కర్ర ఆనించి ఆగింది. నా మొహం చూడలేదు.

"నాను తెలిసే తిన్నానని ఆ పొద్దే సెప్తే, ఈ ముసిల్ది నా కోసం తప్పు నెత్తినేసుకుందని మళ్లీ కంచం తోసీసీదానివి" అంది.

దానికీ నాకు కోపమే వచ్చింది. నా గురించి అందరూ అన్నీ తేల్చేసేవాళ్లే, నన్ను అడిగేవాళ్లు లేరు. ఇంటికెళ్లాక ఆమె మంచం కిందికి వంగి బుర్ర తీసి నా ముందు పెట్టింది. మూతికి నేను కట్టిన ముడి అలాగే ఉంది. తీసుకెళ్లి అటక మీద పెట్టాను.

అటక దగ్గర్నుంచి రాగానే అత్త పొయ్యి మీదున్న చోడి అంబలి గిన్నెలో పోసి నా వైపు తోసింది. ఆమె మీద కోపంతోనే తాగాను. గిన్నె ఖాళీ చేసి, మాట్లాడకుండానే మళ్లీ ఆమె ముందుకు చాపాను.