వేళ కాని వేళ మోగిన పళ్ళెం

మా చిన్నాన్న పోయాడని పోయిన వారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి చెప్పింది. "మీ సిన్నాన్న ఎల్లిపోనాడే. టీ కలిపి తెచ్చీసరికి కుర్సీలోనే తల వాల్సీసినాడు" అంది. పేపర్లో పడేంత పెద్దమనిషి కాడు కాబట్టి ఆయన గురించి నేనే రాయాలి. రష్యాలో ఎక్కడో ఉన్న ఓ కొత్త ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర బర్మాలో, తాతల నాటి రంగూన్ అయిన ఈ యాంగోన్‌లో ఒక వీధి వీధంతటికీ నోటికి వచ్చిందంటే అది ఆయన పుణ్యం. నేను జైల్లో కాకుండా ఇంట్లో కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానన్నా ఆయన పుణ్యమే.

చిన్నాన్న మింగళాడోన్ విమానాశ్రయంలో మెకానిక్. దేశం తలుపులన్నీ బిగించుకు కూర్చున్న పాత రోజుల్లో, ఇంజన్ల పని నేర్చుకురమ్మని పైవాళ్ళు ఆయన్ని రష్యా పంపారు. విమానాల ఫ్యాక్టరీ ఉన్న ఓ ఊళ్ళో, ఒకరింట్లో ఉన్నాడు. ఆ ఇంటబ్బాయితో కలిసిన స్నేహం చివరిదాకా చెడలేదు. ఆ ఊరికి అప్పట్లో చెప్పుకోదగ్గ జట్టే లేదట. ఈయన రిటైరయిన చాలా ఏళ్ళకి, అక్కడ ఒక రొట్టెల వ్యాపారి నడుం కట్టి ప్రొఫెషనల్ క్లబ్ పెట్టాడు. స్నేహితుడు ఫోన్‌లో ఆ కబురు చెప్పగానే, మనవడు పుట్టినట్టు చిన్నాన్న పజుండౌంగ్‌లో మా వీధంతా మిఠాయి పంచాడు.

అప్పటినుంచీ ఆ క్లబ్ ఆయనకి 'మనోళ్ళు'. ఆ స్నేహితుడు ఎవరి చేతో ఆ క్లబ్ వాళ్ళ నీలం గళ్ళ ఉన్ని మఫ్లర్ పంపాడు. యాంగోన్ ఉక్కపోతలో, బనీను మీద, ఆట ఉన్న రోజల్లా అది మెడకి చుట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి పిన్ని తెలియక దాంతో అన్నం కుండ దింపింది. ఆ పూట అన్నం ముట్టలేదు మహానుభావుడు.

ఇంకో అలవాటు ఉండేది. మనోళ్ళు గెలిస్తే స్నేహితుడు ఫోన్ చేసేవాడు. చిన్నాన్న గంజాం నుంచి తాతలనాడు వచ్చిన ఇత్తడి పళ్ళెం పట్టుకుని, ఫోన్ దగ్గర పెట్టి, గరిటెతో టంగుటంగున వాయించేవాడు. అవతల ఆయన పగలబడి నవ్వేవాడు. ఇద్దరు ముసలాళ్ళ పండగ అది.

తర్వాత సైన్యం రాజ్యాన్ని చేతుల్లోకి తీసుకుంది. నేనప్పుడు ప్రభుత్వ బడిలో టీచర్ని. బడికి పోమని సమ్మెకి దిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. సమ్మె టీచర్లని ఇళ్ళకొచ్చి పట్టుకుపోతుంటే, నా గది వదిలేసి చిన్నాన్న ఇంటికి చేరాను. ఆ రోజుల్లో రాత్రి ఎనిమిది కొట్టగానే ఊరు ఊరంతా గిన్నెలూ మూతలూ వాయించేది. ఇంట్లోంచి పీడని తరమడానికి బర్మావాళ్ళు పూర్వం నుంచీ చేసే పనే, ఇప్పుడు సైన్యం మీద చేశారు. ఎనిమిదింటికి వాయిస్తే అది కోపం. మరే వేళప్పుడు మోగినా మాత్రం అర్థం ఒక్కటే: సందులోకి సైన్యం లారీ వచ్చింది, పారిపోవలసినవాళ్ళు పారిపోండి. అందుకని పిన్ని పళ్ళేన్ని అటక మీదకి తోసేసింది. "దాని మీద సెయ్యేసినావంటే సూడు మరి" అని చిన్నాన్నకి వేలు చూపించి మరీ చెప్పింది.

ఇంటర్నెట్ తీసేశారు. బస్సులు లేవు. బయటి లోకం నుంచి మాకు వచ్చేవి ఫోన్‌లో మాటలే. సాయంత్రాలు చీకటి పడకముందు జనం మా మెట్ల మీద చేరేవారు. ఎదురింటి బర్మా ఆవిడ, సైకా, అంటే పక్కన సీటున్న సైకిల్ రిక్షా, తొక్కే అతను, అతని తల్లి. చిన్నాన్న వాళ్ళకి క్లబ్ కథ రోజుకింత చెప్పేవాడు. మొదటి ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగం మంది ఆడేవాళ్ళ అమ్మలేనట. సొంత మైదానం లేక బడి ఆవరణలో, మంచు వాళ్ళే ఎత్తిపోసుకుని ఆడారట. మొదటి ఏడు అందరికన్నా అడుగున. రెండో ఏడు కాస్త పైకి. ఒక మెట్టు ఎక్కి, మళ్ళీ జారి, మళ్ళీ ఎక్కి, ఇప్పుడు అన్నిటికన్నా పై డివిజన్‌కి ఒక్క గెలుపు దూరంలో ఉన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ వారమే మా బడిలో చదివిన పిల్ల ఒకర్తి ఊరేగింపులో తూటా తగిలి పోయింది. "మనుషులు సచ్చిపోతుంటే నీకు బంతాటేటి సిన్నాన్నా?" అని అందరి ముందూ అరిచాను.

"మరేటి సెప్పమంటావే? ఈలకి ఇంటికాడ ఏడుపు సాలదా?" అన్నాడు ఆయన నెమ్మదిగా. "అడుగునున్నోళ్ళు ఎలాగెక్కినారో సెప్తన్నాను. ఆట అయిపోనాదని ఈలేసీవోడు ఎయ్యాల గానీ, మనమే అనీసుకుంటే ఎలగే?"

మా తెలుగు కాస్త తెలిసిన సైకా అతను తల్లికి బర్మా భాషలో ఆ మాట మళ్ళీ చెప్పాడు. నేనూ వాళ్ళ పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

ఆఖరి ఆట రోజున వాన ముసురు పట్టింది. ఏడు కావస్తుండగా ఫోన్ మోగింది. నేను వంటింట్లో పిన్నికి ఉల్లిపాయలు తరుగుతున్నాను. ముందు రష్యన్లో ఒక కేక, తర్వాత "ఎక్కీసినారే! మనోళ్ళు ఎక్కీసినారే!" అని తెలుగులో ఇంకో కేక. మేం చేతులు కడుక్కునేలోపే మనిషి అటకెక్కి పళ్ళెం దింపి, ఫోన్ పక్కన పెట్టి, చావబాదేస్తున్నాడు. సంతోషంలో ఆయనకి వేళా గుర్తులేదు, లారీలూ గుర్తులేవు.

ఎదురింటావిడ మూత అందుకుంది. పక్కిల్లు అందుకుంది. వీధంతా హోరెత్తిపోయింది. సైకా అతను వెనక సందులోంచి వచ్చి, "సయామా, ఎక్కండి" అంటూనే నన్ను బండెక్కించి, తల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి తొక్కేశాడు. బర్మాలో టీచరమ్మని అలాగే పిలుస్తారు. కాలవ దాటించి వాళ్ళ చెల్లెలింట్లో దింపాడు. తీరా చూస్తే వీధిలోకి ఏ లారీ రాలేదు.

"ఊలే, బంతాటకా ఇంత పని చేశారు?" అని ఎదురింటావిడ చిన్నాన్నని ఉతికి ఆరేసిందట. ఊలే అంటే బాబాయి. పిన్ని సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన చేతులు జోడించి, మఫ్లర్‌తో మొహం తుడుచుకుని, అందరికీ తప్పయిపోయిందని చెప్పాడట. ఎనిమిదికి కర్ఫ్యూ కాబట్టి నేను ఆ రాత్రికి వెనక్కి రాలేకపోయాను.

ఎనిమిది కొట్టింది. ఊరంతా రోజూలాగే వాయించింది. ఆ చప్పుడు చాటున లారీ వచ్చింది, సరాసరి మా ఇంటికి. ఎనిమిదింటి హోరులో హెచ్చరిక ఏదో, కోపం ఏదో ఎవరికి తెలుస్తుంది? వాళ్ళు కనిపెట్టి ఆ వేళకే వచ్చారు. టీచరెక్కడని అడిగారు. ఇల్లు తలకిందులు చేశారు. నేను దొరకని కోపంతో పళ్ళెం గోడకేసి కొట్టి పోయారు. ఒక గంట ముందు ఆయన బుద్ధిగా కూర్చుని ఉంటే, ఆ రాత్రి నేను ఆ వంటింట్లోనే దొరికిపోయేదాన్ని.

మర్నాడు ఫోన్‌లో నేను ఏడ్చేశాను. ఆయన మాత్రం, "సూసినావా, మనోళ్ళు ఊరికే ఎక్కలేదు, నిన్ను కూడా ఎక్కించుకుపోనారు" అని నవ్వాడు.

అప్పటినుంచి ఊరికి ఆ చివర చిమిండైంగ్‌లో మా మేనత్త తరఫువాళ్ళింట్లో ఉండి పిల్లలకి చదువు చెబుతున్నాను. మళ్ళీ ఆ వీధిలో అడుగు పెట్టలేదు. పోయిన వారం పిన్ని రావద్దే అంటున్నా వెళ్ళాను. చూసేవాళ్ళు చూడనీ, పట్టించేవాళ్ళు పట్టించనీ అనుకున్నాను. చూశారు కూడా. కిటికీల్లో ఒక్కరూ నా పేరెత్తలేదు.

ఆయన్ని మఫ్లర్‌తోనే పడుకోబెట్టారు. పాడె కడుతుండగా ఫోన్ మోగింది. స్నేహితుడు. ఈ ఏడు మనోళ్ళు పై డివిజన్‌లో నిలుస్తారో జారిపోతారో ముందురోజు ఆటలో తేలాలి. అవతల ఆయన గొంతు వింటేనే తెలిసిపోయింది, నిలిచారు. చిన్నాన్న పోయాడన్న కబురు చెప్పడానికి నాకు రష్యన్ రాదు. ఏం చెయ్యాలో తోచక పిన్ని వైపు చూశాను.

పిన్ని లేచి లోపలికెళ్ళి, సొట్టపడ్డ పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "కొట్టే. పాపం ఎదురుసూత్తన్నాడు" అంది.

కొట్టాను. అవతల ఆయన ఎప్పటిలాగే పగలబడి నవ్వాడు. ఆ వీధిలో గిన్నె మోగి ఏళ్ళయిపోయింది, వాయించిన ఇళ్ళ తలుపులు సైన్యం విరగ్గొట్టాక ఎవరికీ ధైర్యం లేకపోయింది. ముందు ఎదురింటావిడ మూత మోగింది. తర్వాత సైకా అతని తల్లి. పాడె లేచేసరికి పట్టపగలు వీధి వీధంతా వాయిస్తోంది, చిన్నాన్న మలుపు తిరిగి వెళ్ళిపోయేదాకా ఒక్క మూతా ఆగలేదు.