పెన్సిల్‌తో రాసిన చీటీలు

మా సార్ పోయారని మొన్న గురువారం పొద్దున మోవాలోని వాళ్లింటి నుంచి ఆయన భార్య, మేడమ్ ఫోన్ చేశారు. "నిన్న సాయంత్రం కూడా వరి పూత గురించే అడిగారమ్మా" అన్నారు. వరి జన్యుశాస్త్రంలో నా పీహెచ్‌డీకి గైడు ఆయన. ఆయనదీ మాలాగే శ్రీకాకుళం నుంచి వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడిన రైల్వే కుటుంబం. క్లాసులో హిందీ, ఇంగ్లీషు మాట్లాడినా పొలంలో నాతో తెలుగే.

ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉండేది. రెండు రకాల వరిని కలిపినప్పుడు తల్లి ఏదో, తండ్రి ఏదో చీటీ రాసి కంకికి కడతాం. అది పెన్సిల్‌తోనే రాయాలని ఆయన నియమం. నాకది చాదస్తంగా తోచింది. నాన్న కొనిచ్చిన జెల్ పెన్నుతో ముత్యాల్లా రాశాను. మర్నాడు వాన పడి చీటీలన్నీ నీలం మరకలైపోయాయి.

ఆ పంట పోతే నా చదువు ఏడాది వెనక్కి పోతుంది. నాతో చేరినవాళ్లు అప్పటికే ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతున్నారు. వరస గుర్తుంది కదా అని కొత్త చీటీలు రాసి కట్టేశాను.

సార్ గట్టు మీద నిలబడి చూశారు. "కొత్తగా ఉన్నాయేటమ్మా? చూసి రాసావా, అందాజ్‌గా రాసీసావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "అందాజ్‌గానే సార్."

"అయితే కోసీ. దాని బాబెవడో గింజకి తెలుసు. మనకి తెలీదు, అంతే."

కేకలెయ్యలేదు. ఏడుస్తూనే అన్నీ కోశాను. మరుసటి ఏడాది ప్రతి సాయంత్రం నా పక్కనే వంగి నిలబడి, తల్లి కంకుల్లో కేసరాలు తీయడానికి ఆయనా సాయం పట్టారు. చెయ్యి వణికి ఒక్క కేసరం మిగిలినా తన పుప్పొడే తనకి తగులుతుంది, ఆ కంకి ఇక పనికిరాదు.

ఉద్యోగం ఇంటర్వ్యూకి నన్ను తయారు చేసేటప్పుడు, "ఏడాది ఎందుకెక్కువ పట్టిందని అడుగుతారు. జొరమొచ్చిందని చెప్పకు. చీటీల సంగతే చెప్పు" అన్నారు. ఉన్న పరువూ తీయిస్తారా అని ఒళ్లు మండింది. అడిగారు, చెప్పాను. ఈ ఉద్యోగం ఆ జవాబుతోనే వచ్చిందని ఇప్పటికీ నా నమ్మకం.

దహనం అయ్యాక ఇంటికి పోబుద్ధి కాలేదు. అభన్‌పూర్ దారిలో ఉన్న మా పరిశోధన పొలానికి వెళ్లాను. రిటైరైనా ఆయన అక్కడికి రావడం మానలేదు. పది రోజుల కిందట ఆయన కలిపిన కంకులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పొద్దుటి వానకి చీటీలు తడిశాయి గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. ఆఖరి చీటీ మీద మాత్రం తల్లి పేరూ తండ్రి పేరూ కొట్టేసి ఉన్నాయి. కింద వంకర అక్షరాలతో రాశారు: "చెయ్యి వణికింది. నమ్మొద్దు."

కోసే ఓపిక లేక వదిలేసి ఉంటారు. కత్తెర తీసి ఆ కంకి నేనే కోశాను. చీటీ నా దగ్గర ఉంది.