బాలయ్యగారికి వేసిన కుర్చీ

మొన్న మా పాప బడికి తల్లిదండ్రులను రమ్మన్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోతే, అక్కడి మేడం ఒక ఇనుప కుర్చీని బండల మీద నా వైపు జరిపింది. కిర్రుమన్న ఆ చప్పుడుకు చిన్ననాటి మా ఊరి బడి గుర్తొచ్చింది. నేను చదివింది ఐదో తరగతి. ఇట్లా రాయడం ఇదే మొదటిసారి. కానీ ఆ చప్పుడు విన్నాక సరోజ టీచర్ గురించి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మాది గోపాల్‌పేట దగ్గర చిన్న ఊరు. టీచర్ వనపర్తి నుంచి బస్సులో వచ్చేవారు. మాకు ఇంగ్లీషును ఆటలాగా నేర్పేవారు. ఒక్కరు లేచి నిలబడితే అందరం 'గోస్' అనాలి, ఇద్దరు ముగ్గురు లేస్తే 'గో' అనాలి. ఒకనాడు నన్ను లేపి, ఊరి పెద్ద అయిన పటేలు చేనుకు పోతున్నారని ఇంగ్లీషులో చెప్పమన్నారు. నేను 'పటేల్ గో' అన్నాను.

"పటేళ్లు ఎంతమందే?"

"ఒక్కరే టీచర్."

"మరి గోస్ అనాలె కద?"

"పోయిండు అంటే మా నాయన ఈపు పలగ్గొడ్తడు టీచర్. పటేలును పోయిండ్రు అనాలె."

పిల్లలందరూ నవ్వారు. టీచర్ నవ్వలేదు. "మరి మీ నాయననేమంటరు?"

"బాలిగాడు పోయిండు అంటరు."

"ఇంగ్లీషుల ఇద్దరికీ గోసే. ఆయనొక్కడే, మీ నాయనొక్కడే."

 ఎవరైనా విన్నారేమోనని భయంతో వాకిలి వైపు చూశాను. ఇంటికి పోయినా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పంటలు అయిపోయాయి. ఊళ్లో కూలీలందరిలాగే మావాళ్లూ పని కోసం బొంబాయికి బయలుదేరుతున్నారు. అక్కడ తమ్ముణ్ణి చూసుకోవడానికి నేనూ పోవాలి, అంటే నా బడి అంతటితో అయిపోయినట్టే. ఆ సంగతి చెప్పడానికి మా నాయన బడికి వచ్చారు. చెప్పులు దూరంగా విడిచి, భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని గడప బయటే నిలబడ్డారు. టీచర్ లేచి, తన కుర్చీని బండల మీద కిర్రుమని జరిపారు.

"రాండ్రి, బాలయ్యగారూ. కూసోండ్రి."

నాయన వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరో వచ్చారనుకుని. "నన్నేనా టీచరమ్మా?" అన్నారు.

బలవంతం మీద కుర్చీ అంచున కూర్చున్నారు. మా నాయనను కుర్చీలో చూడడం నాకు అదే మొదలు. కళ్లు పెద్దవి చేసుకుని అట్లాగే చూస్తుండిపోయాను. "బిడ్డ మంచిగ చదువుతుంది. పరీచ్చలయ్యేదాంక మీ అమ్మ కాడ ఉంచుండ్రి" అని టీచర్ అంటుండగానే బయట మోటారుసైకిల్ ఆగింది. పటేలు! నాయన ఎంత అదిరిపడి లేచారంటే కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఏంరా బాలిగా, కుర్చీలెక్కుతున్నవ్?" అని పటేలు గుమ్మంలోనే నవ్వాడు.

"నేనే కూసోబెట్టిన," అన్నారు టీచర్. కుర్చీ లేపి మళ్లీ నాయన ముందే పెట్టారు. "మీరు జర ఆగుండ్రి. ఆయనతో మాట్లాడుతున్న."

 ఊళ్లో పటేలును ఆగమన్న మనిషిని మేమెవ్వరం చూడలేదు. ఆయన బండి తిప్పుకుని పోయాడు. నాయన మాత్రం మళ్లీ కూర్చోలేదు.

ఇద్దరం ఇంటికి బయలుదేరాం. దారిలో నాయన ఒక గట్టు మీద కూలబడి, "ఆమెకు నా తోని ఏం పని బిడ్డా? గంత మర్యాద ఎందుకిచ్చింది?" అని అడిగారు. నాకూ తెల్వదన్నాను. అప్పుడాయన కళ్లు తుడుచుకోవడం చూసి భయపడిపోయాను.

ఆ ఏడు నన్ను నాయనమ్మ దగ్గర వదిలి పోయారు. ఐదు పాసయ్యాను. మరుసటి ఏడు నేనూ బొంబాయి పోక తప్పలేదు. తిరిగొచ్చేసరికి టీచర్ ఆ బడిలో లేరు.

ఇది రాస్తుంటే మా పాప పక్కనుంచి తొంగిచూసింది. "ఏందమ్మా, తాతను 'వచ్చారు' అని రాసినవ్? ఊళ్లె గట్ల ఎవరంటరు?"

"ఒక్కరన్నరు బిడ్డా" అన్నాను.