విప్పి మళ్ళీ కట్టిన అక్షరాలు

కరోనాకు మూతపడిన అంగన్‌వాడీ కేంద్రాలు మళ్ళీ తెరిచిన ఏడాది జూన్‌లో నన్ను మైపాడు వైపు సెక్టారుకు మార్చారు. సెక్టారంటే ఒక సూపర్‌వైజరు చూసుకోవలసిన కేంద్రాల గుంపు. నా కింద ఇరవైకి పైగా కేంద్రాలుండేవి, సగం సముద్రపు ఒడ్డు పల్లెల్లోనే. ప్రతి కేంద్రంలో ఒక టీచరు, ఒక ఆయా. మా పైన ప్రాజెక్టు అధికారి. నా రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్ళుంది. ముందటి సంవత్సరమే మా వారు పోయారు. బదిలీ ఆపమని అడగవచ్చునని తోటివాళ్ళు అన్నారు. నేను అడగలేదు.

పిల్లలు చాలాకాలం ఇళ్ళలో ఉండిపోయారు. కేంద్రంలో దొరికే రెండు మూడు గంటలు చాలవు కనుక అక్షరాల పని ఇంటికి పంపాలనుకున్నాం. పద్ధతి తేలికైనదే. పాత శుభలేఖ వెనకవైపు టీచరు ఒక అక్షరం పెద్దగా గీసి ఇస్తుంది. ఇంట్లో పిల్ల ఆ గీత మీద మైదా జిగురు పూసి, దారమో చింతగింజలో అతికించాలి. ఆరాక కళ్ళు మూసుకుని దానిమీద వేలు నడపాలి. అగ్గిపుల్లలతో ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి కానీ మన అక్షరాలు రావు, మనవన్నీ వంపులు. దారం వంగుతుంది. ఒడ్డు పల్లెల్లో తెగిన వలల దారానికి కొదవలేదు. వారానికి ఒక అట్ట కేంద్రానికి తెచ్చి ఇవ్వాలి. టీచరు దాన్ని గోడకు వేలాడదీస్తే నేను తనిఖీలో చూసి రాసుకునేదాన్ని.

ఒక పల్లె నుంచి వచ్చిన అట్టలు మిగతా వాటికంటే ఎంతో బాగుండేవి. అందులోనూ హర్షిత అనే ఐదేళ్ళ పిల్లవి. దారం ఎక్కడా గీత దాటేది కాదు, జిగురు మరక ఉండేది కాదు. ఆ పిల్లను మెచ్చుకుంటూ రెండు నెలల నివేదికల్లో రాశాను. ఐదేళ్ళ వేళ్ళకు అది సాధ్యమేనా అని నేను అడగలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నదానికి ఆ ప్రశ్న రావలసింది.

మార్చిలో ప్రాజెక్టు అధికారి ఆ కేంద్రానికి వచ్చారు. తల్లులను కూడా పిలిచాం. అధికారి హర్షిత ముందు అట్ట, దారం, జిగురు పెట్టి ‘ర’ చేయమన్నారు. పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మళ్ళీ అడిగితే తల్లి వైపు చూసింది. తల్లి కావేరి గుంపులోంచి లేచి వచ్చి, దారం తీసుకుని క్షణంలో ‘ర’ వంచి పెట్టింది. అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వారు. పిల్ల నవ్వలేదు. మర్నాటి నుంచి కేంద్రానికి రాలేదు.

టీచరు రెండుసార్లు వాళ్ళ ఇంటికి వెళ్ళింది. దారం చూస్తేనే పిల్ల లోపలికి పోతోందని చెప్పింది. జూన్‌లో ఒకటో తరగతిలో చేరాలి. అక్కడ బలపం పట్టనని మొండికేసే పిల్లను వెనక వరసలో కూర్చోబెడతారు. ఆ పిల్లలు తరవాత బడి మానేసి ఎక్కడికి చేరతారో మా ఉద్యోగంలో చాలాసార్లు చూశాం.

ఏప్రిల్‌లో నేనే వెళ్ళాను. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలల వేట నిషేధం మొదలయింది, బోట్లన్నీ ఒడ్డు మీద ఉన్నాయి. పందిట్లో కావేరి, ఆమె అత్త చెంచమ్మ వల బాగుచేస్తున్నారు. అట్టలన్నీ ఎవరు చేశారని అడిగాను. కావేరి దాచలేదు. పిల్లే చేసేదట. ఆమె సాయంత్రం అవి చూసి, దారం విప్పి, మళ్ళీ అతికించేదట. వల పనిలో అది అలవాటు. ఒక కన్ను తప్పుగా పడితే విప్పి కట్టాల్సిందే, లేకపోతే చేప అక్కడినుంచే పోతుంది.

“తప్పు ముడి కనిపిస్తా ఉంటే చెయ్యి ఊరుకోదు మేడం,” అంది. “అది నా మాదిరి ఈ వల ముందర కూర్చోకూడదనే గదా ఇంత చేసినాను.”

తరవాత లోపలికి వెళ్ళి ఒక అట్ట తెచ్చింది. తల్లులతో పెట్టిన మొదటి సమావేశంలో నమూనాగా నేనిచ్చినది. మీరిచ్చింది ఇంత బాగుంటే మేము ఎట్లా పడితే అట్లా చేసి ఎలా పంపేదని అడిగింది.

ఆ నమూనాలు మా వారు రంగు కాగితంలో అక్షరాలు కత్తిరించి అట్టలకు అతికించినవి. పోయే ముందు ఏడాది, మంచం మీద కూర్చుని, నా కోసం అక్షరమాల మొత్తం చేశారు. ఆయన చెయ్యి చాలా నిదానమైనది. ఆయన పోయాక వాటిని నేను ప్లాస్టిక్ కవర్లలో పెట్టించి, పిల్లలు ముట్టుకోకుండా చూడమని టీచర్లకూ తల్లులకూ చెప్పాను. ఆ ఆదేశానికి బోధనతో సంబంధం లేదు. ఐదేళ్ళ పిల్లలకు నమూనా అక్కరలేదని మాకు శిక్షణలోనే చెబుతారు. నాకు తెలుసు. అయినా ఇచ్చాను. కావేరి చేసింది నేను మొదలుపెట్టిందే.

కవరు తీసేసి ఆ అట్టను నేల మీద పెట్టాను. హర్షితకు దారం ఇచ్చి, దాని మీదే ఎలా కావాలంటే అలా అతికించమన్నాను. కావేరిని మాత్రం వల వదలవద్దన్నాను. రెండు చేతులకూ పని ఉంటేనే ఆమె ఆగగలదు. పిల్ల చాలాసేపు అట్ట వైపు రాలేదు. వచ్చాక జిగురు ఎక్కువ పూసింది, దారం చుట్ట చుట్టుకుపోయింది. చెంచమ్మ మెడ చాచి చూసి, అది అక్షరం కాదు, ఎండు రొయ్య అంది. పిల్ల నానమ్మను ఉరిమి చూసి దారం పీకి మళ్ళీ మొదలుపెట్టింది. కావేరి సూది పక్కన పెట్టి లేవబోయింది.

“కూచో,” అంది చెంచమ్మ. “బడికి పొయ్యేది పిల్లా, నువ్వా? నువ్వు పోతే నాకు కూడు ఎవురు వండుతారు?”

కావేరి కూర్చుంది. ఆ అరగంట ఆమె వలలో తప్పులు పడ్డాయి. అత్త వాటిని లెక్కపెట్టి మరీ చెప్పింది.

మే నెలంతా అలాగే సాగిందని టీచరు చెప్పింది. నిషేధం ముగిసే లోపు హర్షిత నుంచి నాలుగు అట్టలు వచ్చాయి. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో వెంట్రుక అతుక్కుని ఉన్నాయి. ‘ర’ ఒక పక్క తెరుచుకుని ఉంది. పిల్ల దానిమీద వేలు నడిపి, తెరుచుకున్న చోట ఆగి, అక్కడ దారం చాలలేదని నాకు చెప్పింది. తన తప్పు తానే చూసుకోవడం అదే మొదలు. జూన్‌లో బడికి వెళ్ళింది. బలపం పట్టింది.

ముందు రెండు నివేదికల్లో రాసింది పొరపాటని తరవాతి నివేదికలో రాశాను. అధికారి కారణం అడిగారు. చెప్పాను. సెక్టారులో నమూనాలు వెనక్కి తెప్పించి, అట్టలు తీసుకోవడం ఆపేశాం. పిల్ల చేస్తుండగా పది నిమిషాలు పక్కన కూర్చుని చూడడమే తనిఖీ అయింది. దానికి సమయం ఎక్కువ పడుతుంది. నెలలో అన్ని కేంద్రాలూ చూడలేకపోయేదాన్ని, దానికి సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాను.

చేతకాని ఇళ్ళలో పిల్లలు నేర్చుకోరని నేను సర్వీసంతా అనుకున్నాను. చేతిపని బాగా వచ్చిన ఇంట్లో కూడా పిల్లకు పని దొరకదని ఆ పల్లెలో తెలిసింది. అలాంటి ఇళ్ళలో సూపర్‌వైజరు నేర్పవలసింది తల్లికి, అదీ ఒక్కటే: చూస్తూ ఊరుకోవడం. అది నేర్పాలంటే ముందు మనకు రావాలి.