ఇస్తారి మామ పేనిన చిన్న మోకు

నారాయణరావుపేటలో నాకంటే బాగా కోతలు కోసేవాడు ఇంకా పుట్టలేదు. ఈ మాట మాత్రం కోత కాదు, ఎవరినైనా అడగండి. రంగనాయక సాగర్‌లో మనిషంత చేపను లుంగీతో పట్టి, చంద్లాపూర్ కట్ట మీద దాంతో ఫొటో దిగి, పాపమని మళ్లీ నీళ్లలో వదిలిన గజేందర్‌ను నేనే. ఫొటో చూపించమంటే, ఆ ఫోను చేప మింగింది. పదో తరగతి పరీక్ష మూడుసార్లు రాశాను. మూడోసారి నా జవాబులు చదివి నవ్వీ నవ్వీ సారు మార్కులు వేయడం మరిచిపోయాడని చెబుతుంటాను. ఆ తర్వాత చదువు నన్ను వదిలేసింది, నేను ఆటో పట్టుకున్నాను.

ఇన్ని చెప్పిన నోటితో ఒక్క ముచ్చట మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది మా గోడ అవతలి ఇస్తారి మామది.

ఇస్తారి మామ తాళ్లెక్కుతాడు, అంటే తాటిచెట్లు. వయసు అరవై దాటిందని ఆయన భార్య కొండవ్వత్త అంటుంది, దాటలేదని ఆయనంటాడు. పెళ్లికి ముందు నుంచీ రోజుకు రెండు పూటలా ఎక్కి కల్లు దించుతున్నాడు. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడును మోకు అంటారు. అది ఒరుసుకుని ఒరుసుకుని ఆయన నడుము చుట్టూ నల్లటి చార పడింది. నేల మీద నడిస్తే కొంచెం తూలుతాడు. కల్లు తాగి కాదు, ఆయన చుక్క ముట్టడు. "గీ నేలకు పట్టు లేదురా" అంటాడు. చెట్టు మీద మాత్రం మా ఎమ్మార్వో కుర్చీలో కూర్చున్నంత ధీమాగా ఉంటాడు. ఎక్కే ముందు చెట్టును అరచేత్తో రెండుసార్లు తట్టి "వస్తున్న" అంటాడు. చెప్పకుండా ఎవరింటికైనా పోతామా అని ఆయన న్యాయం.

చేప కథను నమ్మిన మనిషి ఊరు మొత్తంలో ఆయనొక్కడే. ఎప్పుడు కట్ట మీదికి పోయినా నీళ్లలోకి తొంగి చూసి, "నీ ఫోను మింగింది యాడున్నదో" అనేవాడు. నేను పక్కకు తిరిగి నవ్వుకునేవాణ్ని.

ఆయన కొడుకూ కోడలూ గజ్వేల్ దగ్గర కోళ్ల ఫారంలో పని చేస్తారు. మనవరాలు త్రివేణి గురుకులంలో ఏడో తరగతి. మొన్న ఎండాకాలం ఆ బడి నుంచి ఆరుగురు ఆడపిల్లలను పది రోజుల శిబిరానికి తీసుకున్నారు. అక్కడే ఉండి, తాళ్లు కట్టుకుని రాతి గుట్టలెక్కడం నేర్చుకోవాలి. ఆరుగురిలో త్రివేణి ఉంది. ఆ వార్త విన్న రోజు ఇస్తారి మామ దిగిన ప్రతి చెట్టు కిందా ఒకటే మాట. "మా ఇంట్ల అందరం కడుపు కోసం ఎక్కినం. ఇది సర్టిఫికెట్ కోసం ఎక్కుతది."

ఆయనది బటన్ల ఫోను. అందుకని బడివాళ్లకు నా నంబరు ఇచ్చారు. తేవాల్సిన వస్తువుల లిస్టు నా ఫోనుకే వచ్చింది, ఇంగ్లీషులో, రెండు పేజీలు. త్రివేణి అప్పుడు గజ్వేల్‌లో తల్లిదండ్రుల దగ్గర ఉంది. మామ గద్దె మీద కూర్చుని చెవి ఒగ్గాడు.

"సదువురా అల్లుడా."

"నాలుగు జతల బట్టలు, సబ్బు, బ్రష్షు, తువ్వాల, బూట్లు, టార్చిలైటు..." ఇంతవరకు సరిగ్గానే చదివాను. రెండో పేజీ తెరిచాను. పై నుంచి కింది దాకా వరుసలే వరుసలు. నాకు అందులో తేదీ ఒక్కటే అర్థమైంది.

"గందుల ఏమున్నది?"

రాదు అంటే అయిపోయేది. రెండక్షరాల మాట. అది నా నోట్లోంచి రాలేదు.

"గివన్ని మర్యాద మాటలు మామా. మీ బిడ్డను పంపుతున్నందుకు మస్తు సంతోషమని."

"రెండో కాగితమంత సంతోషమేనా?" కొండవ్వత్త చాటలో బియ్యం చెరుగుతూ అడిగింది. ఆమెకు నా మీద మొదటి నుంచీ అనుమానమే.

కథ పలచబడిందని నాకు తెలిసిపోయింది. చిక్కబరచాలి. "ఆఁ, గిక్కడ ఒకటున్నది. ఎవల మోకు వాళ్లే తెచ్చుకోవాలెనట. ఇంట్ల పెద్దమనిషి దానికి ఏలాడి, గట్టిగున్నదో లేదో సూసి, వీడియో పంపాలెనట."

"ఆడివిల్లకు మోకేందిరో! నెత్తి గిట్ల తిరిగిందా నీకు?"

"మరి గుట్ట ఉత్త చేతుల్తోని ఎక్కుతరా అత్తా?"

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వితే నేనూ నవ్వి, ఉత్తగనే అన్న మామా అనేవాణ్ని. ఆయన నవ్వలేదు. నడుం నిలబెట్టి కూర్చున్నాడు. "గట్లనా? బూట్లంటే దుకాన్ల కొనాలె, టార్చంటే దుకాన్ల కొనాలె. మోకంటే మన చేతిల పనే గదా!" అన్నాడు. ఆ ముఖం చూశాక ఉత్తగనే అన్నానని చెప్పలేకపోయాను. ఇంకో నిజం కూడా చెప్పాలి. లోపల కొంచెం సంబరంగానే ఉండింది.

ఐదు రోజులు పేనాడు. తాటికల్లు జోరు మీదుండే రోజులవి. సాయంత్రం పూట చెట్లను ఇంకొకరికి అప్పగించి నార తడిపి, తోలు మెత్తబరిచి, గోడవారగా కూర్చునేవాడు. ఈ ఏటి కోసం సిద్ధం చేసుకున్న తన కొత్త మోకును కోసి, అందులోని మంచి తోలు పిల్లదానికి వాడాడు. తనకు పాతది చాలన్నాడు. త్రివేణి పాత గౌను తెప్పించి నడుము కొలత తీసుకున్నాడు. పూర్తయ్యాక తాళ్లెక్కేవాళ్ల దేవుడు కాటమయ్య ముందు పెట్టి పసుపు కుంకుమ అద్దాడు. తర్వాత వేపకొమ్మకు కట్టి, కాళ్లు ముడుచుకుని వేలాడి, నావైపు తిరిగి, "మంచిగ కనవడుతున్ననా? మేడం సూస్తది గదా" అన్నాడు.

వీడియో తీశాను. మేడంకు పంపలేదు, నా స్టేటస్‌లో పెట్టాను. కింద 'అరవై ఏళ్ల పిల్లగాడు, ఉయ్యాల' అని రాశాను. చూసినవాళ్లంతా పగలబడి నవ్వే బొమ్మలు పంపారు. రాత్రి భోజనం దాకా వాటిని లెక్కపెట్టుకున్నాను.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం త్రివేణి గజ్వేల్ నుంచి వచ్చింది. బ్యాగు దించకుండానే నా ఆటో దగ్గరికి నడిచింది.

"మామా, మా బాపు ఫోన్ల నీ స్టేటస్ సూసిన. తాత చెట్టుకు ఎందుకు ఏలాడుతుండు?"

"ఎక్సర్‌సైజు బిడ్డా."

"లిస్టు సూపెట్టు."

"ఫోన్ల చార్జింగ్ లేదు." అనగానే జేబులో ఫోను మోగింది. పాట పెట్టుకున్నాను నేను, రెండిళ్ల అవతలికి వినిపించే పాట.

"మోగుతుంది గదా?"

"మోగుతది గని, కనవడది."

పిల్ల నవ్వలేదు. "తాళ్లు వాళ్లే ఇస్తరు మామా. మా మేడం క్లాసుల చెప్పింది. నువ్వే తాతకు చెప్పు."

"నువ్వు చెప్పు."

ఇద్దరం లోపలికి పోయాం. మామ మోకును తువ్వాలలో చుట్టి పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. విప్పి, ఆమె నడుముకు చుట్టి, "సరిగ్గ సరిపోయింది, సూసినవా" అన్నాడు కొండవ్వత్తతో. త్రివేణి నా ముఖం చూసింది, తాత ముఖం చూసింది. తర్వాత పెట్టె అడుగున బట్టల కింద మోకు పెట్టింది. ఆయన తీసి అన్నిటికంటే మీద పెట్టాడు. "మీదుంటె జల్ది దొరుకుతది బిడ్డా."

పొద్దున తొమ్మిది గంటలకు సిద్దిపేటలో బడి ముందు నా ఆటో ఆగింది. బస్సు సిద్ధంగా ఉంది. స్వరాజ్యలక్ష్మి మేడం ఒక్కొక్క పెట్టె తెరిచి చూస్తోంది. పిల్లలను సాగనంపడానికి వచ్చినవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. త్రివేణి పెట్టె మూత ఎత్తగానే పసుపు అద్దిన మోకు.

"ఇదేంది?"

"మోకు మేడం," మామ ఒకడుగు ముందుకు వేశాడు. "లిస్టుల రాసిన్రు గదా. నేనే పేనిన. ఏలాడి సూసిన గూడ."

"తాళ్లు, హెల్మెట్లు అన్నీ అక్కడే ఇస్తరు. సొంతవి తేవద్దని రెండో పేజీలనే రాసినం."

వెనక ఒక పిల్ల, "గుట్టెక్కను పోతుందా, పూజకు పోతుందా?" అని కిసుక్కుమంది. త్రివేణి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది పక్కన పెట్టండి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏది? సర్కారు డాక్టర్ సంతకం ఉండాలె."

మామ నావైపు చూడలేదు. పెట్టెలో చూశాడు, అది అక్కడ ఉంటుందన్నట్టు.

"అది లేకుంటె బస్సు ఎక్కనియ్యం తాతా. అది గూడ రెండో పేజీలనే ఉన్నది. పది గంటలకు బస్సు పోతది. లిస్టు మీకు ఎవరు చదివి చెప్పిన్రు?"

నేను ఆటో ముందు టైరును చూస్తున్నాను. గాలి బాగానే ఉంది. అయినా చూస్తున్నాను.

అప్పుడు చూశాడు ఆయన నన్ను. ఒక్కసారే. కోపం ఉంటే బాగుండేది.

"సదివేటోడు మంచిగనే సదివిండు మేడం," అన్నాడు. "అన్నీ చెప్పిండు. నేనే మర్శిపోయిన. ముసలోన్ని."

"గింత పెద్దమనిషి, పిల్ల సంగతి గట్ల మర్శిపోతె ఎట్ల తాతా? ఆరుగురిల ఒకరు. ఆమె పోకుంటె ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేటోళ్లం కదా?" మేడం తిట్టలేదు, ఆ మాట నిజమే. అంతమంది ముందు ఆయన చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. అంతెత్తు తాటిచెట్టు మీద చేతులు వదిలి నిలబడే మనిషి. నేను అప్పుడూ నోరు విప్పలేదు.

"ఎక్కుండ్రి, దవాఖానకు పోదాం" అని మాత్రం అన్నాను.

ఇంకెప్పుడైనా అయితే ఆ ఆటో ఎట్లా గాలిలో లేచిందో మీకు చెప్పేవాణ్ని. లేవలేదు. మామూలుగానే పోయాం. దవాఖానలో చీటీల దగ్గర పెద్ద లైను. నేను ముందుకు దూరి, "జర జాగియ్యిండ్రి. మా మామ ముసలోడు, కాగితం సంగతి మర్శిపోయిండు. పది గంటలకు పిల్ల బస్సు" అన్నాను.

మళ్లీ చదవండి. ఆయన నన్ను కాపాడడానికి ఆడిన అబద్ధాన్ని నేను నిజం చేసి, ఆయన ముందే లైనులో పంచిపెట్టాను. ఒక ముసలమ్మ తన జాగా ఇచ్చి, "గింత మతిమరుపైతె ఎట్లయ్యా నీకు!" అని మామను మందలించింది. ఆయన "అవునవ్వా" అన్నాడు. త్రివేణి నా చొక్కా వెనక నుంచి పట్టుకుని ఉంది. ఆ మాట వినగానే వదిలేసింది.

డాక్టరమ్మ గుండె చూసింది, కళ్లు చూసింది, సంతకం పెట్టింది. తిరిగి వచ్చేసరికి పది దాటి పది నిమిషాలు. బస్సు ఉంది. డ్రైవరు చాయ్ తాగడం అవలేదు, అంతే కారణం. త్రివేణి కాగితం మేడం చేతిలో పెట్టి, తాత చెయ్యి ఒకసారి పట్టుకుని, బస్సు రేకును అరచేత్తో రెండుసార్లు తట్టి ఎక్కింది. నాకు టాటా చెప్పలేదు.

తిరుగు దారిలో మామ వెనక సీట్లో, మోకు ఒళ్లో. తిడతాడని చూశాను. అద్దంలో ఆయన బయటికే చూస్తున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా అడిగాడు.

"అల్లుడా. ఆ చేప గూడ లేదా?"

ఆటో పక్కకు ఆపాను.

"లేదు మామా."

"ఊఁ," అన్నాడు. ఒళ్లో మోకు సర్దుకుని, "నేను కట్ట మీదికి పోయినప్పుడల్ల సూసేది" అన్నాడు.

ఆ సాయంత్రం పిలవకుండానే తాళ్లకు ఆయన వెంట పోయాను, కల్లు లొట్టి అందుకోవడానికి. కొత్త మోకు కోసేశాడు కదా, పాతదే కట్టుకున్నాడు. అది చెట్టుకు ఒరుసుకున్నప్పుడల్లా కిర్రుమంటోంది. ఆ చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. అంతకుముందు ఎప్పుడూ కింద నిలబడలేదు కదా. ఆయన పైకి చేరాక నా ఫోను టింగుమంది. బడి నంబరు. ఇంగ్లీషులో నాలుగు వరుసలు.

"ఏమచ్చిందిరా?" పైనుంచి కేక.

"మేడం ఏమో రాసింది. ఇంగ్లీషుల ఉన్నది మామా." మెడ వెనక్కి వంచి, గట్టిగా అరవాల్సి వచ్చింది. పక్క చెలకలో మందులు కొడుతున్నవాళ్లు కూడా తలెత్తారు. "నాకు సదువరాదు!"

పైన కత్తి చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

"ఆగు అయితె. నేను దిగినంక ఇద్దరం పోయి ఎవలతోనన్న సదివించుకుందాం."