డాలు మీది మొహం

ప్రమీలమ్మ తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తుంది. పాలవాడు పోసిన పాలను వాసన చూడనిదే గిన్నె లోపలికి తీసుకుపోదు. నల్లగొండలో ఆమె ఇంటి మేడమీది గదిలో మల్లిక కిరాయికి దిగినప్పటి నుంచి ఆ అనుమానమంతా మెట్లెక్కి పైకి పోయింది. ఆ పిల్ల ఉద్యోగానికి పోదు. కిటికీ దగ్గర భూతద్దం పెట్టుకుని, వేలిగోరంత బిళ్ళల మీద పుర్రెలూ కోరలూ మలిచి రంగులు వేస్తుంటుంది. బల్లమీద ఆడే యుద్ధపు ఆటలో బొమ్మ సైనికులకు అవి డాళ్ళట, విదేశాల వాళ్ళు కొంటారట. "పెద్దోళ్ళు బొమ్మలతోటి ఆడుకుంటరా? ఎవలికి చెప్తున్నవే?" అంది ప్రమీలమ్మ. అది చేతబడి సామానేనని ఆమెకు గట్టి నమ్మకం.

ఒకరోజు గది ఖాళీ చేయమని చెప్పడానికే పైకి వెళ్ళింది. ఆమెను చూడగానే మల్లిక చేతిలోని డాలును గబుక్కున చున్నీ కింద దాచింది.

"ఏంది దాస్తున్నవ్? తియ్, చూపియ్!"

మల్లిక భయపడుతూనే దాన్ని భూతద్దం కింద పెట్టింది. చిట్లించిన కళ్ళు, బిగించిన పెదవులు, కుడి ముక్కున పుడక. అచ్చం ప్రమీలమ్మే.

"శత్రువు దడుసుకునే మొఖం కావాలన్నరు పెద్దమ్మా," అంది మల్లిక తల దించుకుని.

ప్రమీలమ్మ చాలాసేపు భూతద్దం వదల్లేదు. వచ్చిన పనే మరిచిపోయింది. డాలును తిరగేసి వెనక కూడా చూసి, మల్లిక వైపు అనుమానంగా చూసింది.

"గిది గెలిచేటోళ్ళకే ఇస్తున్నవా? ఓడిపోయేటోళ్ళ చేతుల పెడితె మాత్రం ఊకోను."